గౌట్ శ్రీమంతుల జబ్బు కాదు

చరక సంహిత వాతరక్తానికి ఆఢ్యవాతమనే పేరు కూడా చెప్పింది. ఆఢ్యుడంటే ధనవంతుడు. నేటి గౌట్‌కు దగ్గరి వర్ణన అదే. ఐరోపావారు సైతం దీనిని రాజుల వ్యాధి అన్నారు. 1848లో లండన్ వైద్యుడు ఆల్ఫ్రెడ్ గ్యారడ్ గౌట్ రోగుల రక్తంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉందని నిరూపించాడు. 1960లలో దానిని తగ్గించే అల్లోప్యూరినాల్ వచ్చింది. అయినా పాత పేరు కలిగించిన అపోహ మాత్రం పోలేదు.

యూరిక్ ఆమ్లంలో సుమారు మూడింట రెండు వంతులను బయటికి పంపేవి మూత్రపిండాలే. అవి దెబ్బతింటే రెక్కాడితేగాని డొక్కాడని కూలీకి కూడా గౌట్ రావచ్చు. మూత్రపిండాల వ్యాధి ఇంతగా వ్యాపించిన మన ఉద్దానంలో ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియాలి. బొటనవేలు వాచిందని కాశీబుగ్గ వెళ్లి, దుకాణంలో అడిగి నొప్పిబిళ్లలు కొని మింగితే బాధ తగ్గవచ్చు గాని, అసలే బలహీనమైన మూత్రపిండాలు మరింత చెడవచ్చు.

కనుక వైద్యుణ్ణి మూడు ప్రశ్నలు అడగండి: నా క్రియాటినిన్ ఎంత? యూరిక్ ఆమ్లం ఎంత? ఈ మందు నా మూత్రపిండాలకు తగినదేనా? 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. నొప్పి తగ్గినా పరీక్షలు మానకండి. అడిగి తెలుసుకోవడం రోగి హక్కు.