ఉద్దెర పుస్తకం, ఫ్లాపీ, ర్యాన్సమ్‌వేర్: దుకాణం లెక్కల కథ

థంబ్‌నెయిల్‌లో హ్యాకర్ బొమ్మ పెట్టాను కాబట్టి డైరెక్టుగా హ్యాకింగ్‌లోకి వెళ్తా అనుకుని ఉంటారు. కానీ మనం ఉన్నది కాగజ్‌నగర్‌లో. ఇక్కడ ఏ కథైనా కాగితం నుంచే మొదలుపెట్టాలి.

ఊరి పేరులోనే కాగితం ఉంది. అంతకుముందు ఇది కొత్తపేట అనే చిన్న ఊరు. నిజాం కాలంలో, 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ పెట్టారు. 1942లో ఉత్పత్తి మొదలైంది. చుట్టూ అడవి, అడవిలో వెదురు, పక్కనే కాజీపేట-బల్లార్షా రైలు లైను. ఊరు మిల్లుతో పాటే పెరిగింది. ఆ మిల్లు 2014 సెప్టెంబర్‌లో ఆగిపోయింది. 2018లో జేకే పేపర్ కంపెనీ తీసుకుని మళ్లీ నడిపించేదాకా, దాదాపు నాలుగేళ్లు బంద్.

ఆ నాలుగేళ్ల గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. మిల్లు జీతాల మీద బతికే ఊళ్లో జీతాలు ఆగితే కిరాణా దుకాణంలో నడిచేది నగదు కాదు, ఉద్దెర. అప్పుడు దుకాణదారుకి ఉన్న అసలు ఆస్తి ఏంటి? బియ్యం బస్తాలు కాదు. ఎవరు ఎంత ఇవ్వాలో రాసుకున్న పుస్తకం. అది పోతే బాకీ పోయినట్టే. జనం మోసం చేస్తారని కాదు. ఒకాయన "నాకు గుర్తున్న కాడికి రెండు వేలే అన్నా" అంటాడు. సేటుకి గుర్తున్నది మూడు వేల నాలుగు వందలు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడట్లేదు. పుస్తకం ఉంటేనే తేలుతది.

ఇవాళ్టి టాపిక్ అదే. చిన్న వ్యాపారం తన లెక్కల్ని ఎట్లా కాపాడుకుంటూ వచ్చింది, కంప్యూటర్ వచ్చాక ఆ పద్ధతిలో ఏం జారిపోయింది.

పాత దుకాణాల్లో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, ఇంకోటి ఆవర్జా. చిట్టాలో ఆ రోజు జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తారు: ఫలానా ఆయనకు నూనె ఇచ్చాం, ఫలానా ఆయన వంద కట్టాడు. దుకాణం కట్టేశాక గుమాస్తా కూర్చుని అవే ఎంట్రీలను ఆవర్జాలో మనిషి మనిషికి పేజీ వేసి ఎక్కిస్తాడు. అంటే ప్రతి లావాదేవీ రెండు చోట్ల ఉంటది. ఆవర్జా పోయిందనుకోండి, చిట్టాలు ముందేసుకుని మళ్లీ కట్టుకోవచ్చు. కష్టమే, నెల పడుతుందేమో, కానీ అవుతది.

బీటెక్ చేసినవాళ్లు ఇక్కడ నవ్వుకోవాలి. డీబీఎంఎస్ సబ్జెక్టులో లాగ్ నుంచి డేటాబేస్‌ని రికవర్ చేయడం అని ఒక చాప్టర్ చదువుకున్నాం కదా, దాన్ని గుమాస్తాలు ఏ డిగ్రీ లేకుండా తరాలుగా చేస్తూనే ఉన్నారు. ఇంకా చూడండి. ఎవరు రాశారో చేతిరాత చెప్తది. పేజీలు దారంతో కుట్టి ఉంటాయి కాబట్టి ఒకటి చింపితే కనబడుతది. పెట్టె తాళంచెవి సేటు మొలతాడుకి. యాక్సెస్ కంట్రోల్, ఆడిట్ లాగ్ అని మనం పెద్ద పెద్ద పేర్లు పెట్టిన పనులన్నీ అక్కడ ఉన్నాయి.

అట్లాగని పాతదంతా బంగారం అని నేను అనను. రెండు పుస్తకాలూ ఒకే గద్దె కింద, ఒకే పెట్టెలో ఉండేవి. చెదలు పట్టినా, నిప్పు అంటుకున్నా రెండూ ఒకేసారి పోతాయి. 2022 జులైలో గోదావరి వరదకి మంథని టౌన్‌లోకి నీళ్లు వచ్చాయి గుర్తుందా? అట్లాంటి వరదలో కింది అరలో ఉన్న పుస్తకమైనా, టేబుల్ కింద నేల మీద పెట్టిన సీపీయూ అయినా ఒకటే. నీళ్లకి పాత టెక్నాలజీ, కొత్త టెక్నాలజీ అని తేడా లేదు.

ఇప్పుడు 1986కి వెళ్దాం. నాకు ఈ కథలో బాగా నచ్చిన సంవత్సరం ఇది. ఒకే ఏడాదిలో రెండు చిన్న వ్యాపారాల సమస్యల నుంచి రెండు ప్రోగ్రాములు పుట్టాయి.

మొదటిది బెంగళూరులో. శ్యామ్ సుందర్ గోయెంకా అనే వ్యాపారి ఫ్యాక్టరీలకు, బట్టల మిల్లులకు ముడిసరుకు, మిషన్ విడిభాగాలు సప్లై చేసేవారు. తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క, మ్యాథ్స్ చదివిన కొడుకు భరత్‌ని నువ్వే ఒకటి రాయి అన్నారు. అది డాస్ మీద నడిచే చిన్న ప్రోగ్రాం. కంపెనీ పేరు ప్యూట్రానిక్స్. ఆ ప్రోగ్రామే తర్వాత ట్యాలీ అయింది. ఇవాళ ఏ చిన్న టౌన్‌కి వెళ్లినా "ట్యాలీ నేర్పబడును" బోర్డు ఒకటి కనబడుతది కదా, దాని మూలం ఒక తండ్రి సప్లై బిజినెస్. భరత్ గోయెంకాకి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది.

రెండోది లాహోర్‌లో. బాసిత్, అంజద్ అనే ఇద్దరు అన్నదమ్ములు బ్రెయిన్ కంప్యూటర్ సర్వీసెస్ అని ఒక షాపు నడిపేవారు. వాళ్లు రాసిన మెడికల్ సాఫ్ట్‌వేర్‌ని జనం డబ్బులు ఇవ్వకుండా కాపీ కొడుతున్నారు. కోపం వచ్చి, ఫ్లాపీ బూట్ సెక్టార్‌లోకి ఎక్కే ఒక చిన్న కోడ్ రాశారు. అందులో తమ పేర్లు, అడ్రసు, ఫోన్ నంబరు కూడా పెట్టారు! అది ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకి దేశాలు దాటింది. ఐబీఎం పీసీలకు వచ్చిన మొదటి వైరస్‌గా చెప్పుకునే బ్రెయిన్ అదే. అంటే పీసీ వైరస్‌ల చరిత్ర మొదలైంది ఏదో మాఫియా డెన్‌లో కాదు, తన సరుకు కాపాడుకోవాలనుకున్న ఒక చిన్న దుకాణంలో.

మూడేళ్లకే, 1989లో, ఎయిడ్స్ గురించి సమాచారం అని చెప్పి ఒక ఫ్లాపీని వేలమందికి పోస్టులో పంపారు. కొన్నాళ్లకు అది కంప్యూటర్‌లో ఫైళ్ల పేర్లన్నీ గందరగోళం చేసి, పనామాలోని ఒక పోస్టు బాక్సుకి 189 డాలర్లు పంపమని అడిగేది. ర్యాన్సమ్‌వేర్‌లో మొదటిది అదే. ఐడియా అప్పుడే ఉంది. డబ్బులు దొరక్కుండా తీసుకునే దారి మాత్రం లేదు. ఆ దారి ఇరవై ఏళ్ల తర్వాత బిట్‌కాయిన్‌తో వచ్చింది.

ఇక 2017. ఆ సంవత్సరం మన చిన్న వ్యాపారాలకు రెండు సంగతులు ఏడు వారాల తేడాతో జరిగాయి. మే 12న వానాక్రై. జులై 1న జీఎస్టీ.

వానాక్రై విండోస్‌లోని ఒక లోపం మీద నడిచింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే అప్‌డేట్ ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలల టైం ఉంది. అప్‌డేట్ వేసుకున్నవాళ్లు బతికిపోయారు. మన పక్కన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయ్యాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసు కంప్యూటర్లు కొన్నింటికి కూడా తగిలింది. "అప్‌డేట్ పెడితే సిస్టం స్లో అవుతది అన్నా" అనే మాట ఏ దుకాణంలోనైనా వింటాం. ఆ మాటకి జవాబు ఆ మే నెలలో వచ్చింది.

జీఎస్టీ వచ్చాక అసలు మార్పు జరిగింది. అప్పటిదాకా పుస్తకం మీదే నడిచినవాళ్లు కూడా కంప్యూటర్ కొనుక్కోవాల్సి వచ్చింది, లేకపోతే అకౌంటెంట్ దగ్గరికి నడవాల్సి వచ్చింది. చిట్టా పోయింది, ఆవర్జా పోయింది, రెండూ కలిసి ఒక డబ్బాలోకి వెళ్లాయి. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కసారి ఎంట్రీ కొడితే చాలు, లెడ్జర్ అదే కట్టుకుంటది. గుమాస్తాకి రాత్రి పని తప్పింది. కానీ ఆ రాత్రి పనిలోనే రెండో కాపీ పుట్టేది. అది పోయిందని ఎవరూ గమనించలేదు.

ఇక్కడ ఒక పెద్ద అపోహ ఉంది. "అంతా జీఎస్టీ పోర్టల్‌లో ఉంది కదా, కంప్యూటర్ పోతే పోనీ" అంటారు. పోర్టల్‌లో ఉండేది మీరు గవర్నమెంటుకు చెప్పిన లెక్క. ఎవరు ఎంత బాకీ, గోదాంలో ఎంత సరుకు, ఏ సప్లయర్‌కి ఎంత ఇచ్చాం, ఇవేవీ అందులో ఉండవు. పైగా లెక్కల్ని వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచిపెట్టాలని చట్టం. ఎలక్ట్రానిక్ లెక్కలకు సరైన బ్యాకప్ ఉండాలని, ప్రమాదం జరిగినా వాటిని తిరిగి తెచ్చుకోగలగాలని జీఎస్టీ రూల్స్‌లో 57వ రూల్ చెప్తుంది. ఈ రూల్ పెద్ద కంపెనీలకే అనుకోకండి. జీఎస్టీ నంబరు ఉండి కంప్యూటర్‌లో లెక్కలు పెట్టుకునే ప్రతి దుకాణానికీ వర్తిస్తది.

2019 మే మొదట్లో మనకు ఇంకా దగ్గర్లో జరిగింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కరెంటు పంపిణీ కంపెనీల మీద ర్యాన్సమ్‌వేర్ దాడి అయింది. అందులో వరంగల్ హెడ్ ఆఫీసుగా ఉన్న నార్తర్న్ డిస్కం కూడా ఉంది. మన ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల కరెంటు బిల్లులు ఎక్కువగా వాళ్లవే. వెబ్‌సైట్లు పడిపోయాయి. కానీ డేటాకి బ్యాకప్ ఉందని అధికారులు అప్పుడే చెప్పారు. మనకు ఎవరికీ "నీ పాత బిల్లులు పోయాయి" అని నోటీసు రాలేదు. బ్యాకప్ ఉంటే హ్యాకింగ్ అనేది రెండు మూడు రోజుల తలనొప్పి. లేకపోతే అది వ్యాపారం ముగింపు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న కేసు. హైదరాబాద్‌లోని మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. 2022 జనవరిలో ఒక వీకెండ్‌లో 12.48 కోట్ల రూపాయలు వెళ్లిపోయాయి. అప్పటి సిటీ పోలీస్ కమిషనర్ సీవీ ఆనంద్ ఈ కేసు వివరాలు ప్రెస్ ముందు పెట్టారు. పోలీసులు చెప్పింది వింటే సినిమా హ్యాకింగ్ ఏమీ లేదు. 2021 నవంబర్‌లో బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా ఫిషింగ్ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు క్లిక్ చేశారు. వాళ్ల కంప్యూటర్లలోకి దూరం నుంచి కంట్రోల్ చేసే ప్రోగ్రాం దిగింది. హ్యాకర్లు తొందరపడలేదు. రెండు నెలలు లోపల కూర్చుని ఎవరు ఏ పాస్‌వర్డ్ కొడుతున్నారో చూశారు. సూపర్ యూజర్ అధికారం ఇద్దరు ముగ్గురికి ఉండాల్సింది, పది మంది దాకా ఉంది. తర్వాత కొన్ని ఖాతాల్లో బ్యాలెన్స్ పెంచేసి, డబ్బుని వంద పైచిలుకు ఖాతాలకు, అక్కడినుంచి ఇంకా వందల ఖాతాలకు పంచి, దేశంలో వేర్వేరు చోట్ల ఏటీఎంలలో తీసేశారు. పోలీసులు దాదాపు మూడు కోట్లు ఆపగలిగారు. 2023లో ఆర్‌బీఐ ఈ బ్యాంకుకి 65 లక్షల జరిమానా వేసింది.

బ్యాంకు కథ మాకెందుకు అంటారా? పది మంది సూపర్ యూజర్లు అనే మాట దగ్గర ఆగండి. మన దుకాణంలో ఎంతమంది? కౌంటర్ మీద కుర్రాడు, అకౌంటెంట్, సేటు, సేటు కొడుకు, అందరికీ ఒకటే లాగిన్, ఒకటే పాస్‌వర్డ్, అది మానిటర్ అంచున స్టిక్కర్ మీద రాసి ఉంటది. రేట్ ఎవరు మార్చారు, బిల్లు ఎవరు డిలీట్ చేశారు అంటే చెప్పేవాళ్లు లేరు. చేతిరాత ఉన్న రోజుల్లో ఈ ప్రశ్నకు జవాబు ఉండేది. సాఫ్ట్‌వేర్ రిపేరు కోసం ఎప్పుడో పెట్టిన ఎనీడెస్క్ ఇంకా రన్ అవుతూనే ఉంటది. మొలతాడు తాళంచెవిని మనమే వీధిలో వేలాడదీశాం.

బ్యాకప్ సంగతి ఇంకా తమాషా. "ఉంది సార్, డీ డ్రైవ్‌లో ఉంది" అంటారు. సీ, డీ చాలా కంప్యూటర్లలో ఒకే డిస్కుకి పెట్టిన రెండు పేర్లు. డిస్కు పోతే రెండూ పోతాయి. ర్యాన్సమ్‌వేర్ వస్తే రెండూ లాక్ అవుతాయి. చిట్టా, ఆవర్జా ఒకే పెట్టెలో పెట్టిన పాత తప్పే ఇది. ఇంకొందరు పెన్‌డ్రైవ్ పెడతారు, కానీ దాన్ని ఎప్పటికీ పీకరు. పెట్టి ఉన్న పెన్‌డ్రైవ్‌ని కూడా ర్యాన్సమ్‌వేర్ వదలదు. ట్యాలీలో రోజూ ఒకే ఫోల్డర్‌కి బ్యాకప్ తీస్తే కొత్తది పాతదాని మీద రాసేస్తది. నిన్న డేటా పాడై ఇవాళ బ్యాకప్ తీశారంటే, మీ దగ్గర ఉన్నది పాడైన డేటా బ్యాకప్.

నేనైతే రెండు పెన్‌డ్రైవ్‌లు చెప్తా. ఒకటి బేసి రోజులకు, ఒకటి సరి రోజులకు. తీయగానే పీకి, ఒకటి ఇంటికి. మామూలు దుకాణం లెక్కలు అందులో సులభంగా పడతాయి. నెలకోసారి ఆ బ్యాకప్‌ని వేరే ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి, ఒకరి బాకీ ఓపెన్ చేసి చూడండి. అసలు కంప్యూటర్‌లో అదే ఫోల్డర్ మీద మాత్రం చేయకండి, ఇవాళ్టి ఎంట్రీలు పోతాయి. ట్యాలీ వాల్ట్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది మర్చిపోతే ట్యాలీ కంపెనీ వాళ్లు కూడా తీయలేరు. అవును, కాగితం మీదే.

చివరిగా ఒకటి. ఈ వీడియో అయిపోగానే మీ నాన్ననో, మామనో, దుకాణం ఎవరిదైతే వాళ్లని అడగండి: జీఎస్టీ పోర్టల్‌లో రిజిస్టర్ అయిన ఫోన్ నంబరు, మెయిల్ ఎవరివి? చాలాచోట్ల అకౌంటెంట్‌వే ఉంటాయి. ఆయన మంచివాడే కావచ్చు. కానీ ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తది, రేపు ఆయన ఊరు మారినా, నంబరు మారినా మీ దుకాణం తలుపు మీకే తెరుచుకోదు. పోర్టల్‌లోనే మార్చుకోవచ్చు. లాగిన్ కూడా లేకపోతే మీ సర్కిల్ ట్యాక్స్ ఆఫీసులో కాగితాలు ఇచ్చి మార్పించుకోవచ్చు. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ కొట్టండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో చిట్‌ఫండ్ లెక్కల గురించి. ఉంటా మరి.