ఒమాన్ బడిలో కంప్యూటరు: 1998 నుంచి 2018 దాకా

1970 జులై 23న సుల్తాన్ కాబూస్ ఒమాన్ గద్దెనెక్కేనాటికి ఆ దేశంలో ఉన్న ఆధునిక పాఠశాలలు మూడే. వాటిలో చదువుతున్నవారు సుమారు తొమ్మిది వందల మంది, అందరూ మగపిల్లలే. 1986లో సుల్తాన్ కాబూస్ విశ్వవిద్యాలయం తెరుచుకుంది. 1998-99 విద్యాసంవత్సరంలో మొదలైన మౌలిక విద్యా సంస్కరణ సమాచార సాంకేతికతను ఒకటో తరగతి నుంచే పాఠ్యాంశం చేసింది. బడి ముఖం చూడని తాతల ఇళ్ళలో మనవరాళ్ళు ఆరేళ్ళకే కంప్యూటరు ముందు కూర్చున్నారు.

అదే 1998లో, నవంబరు నెలలో, హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. కంప్యూటరు చదువుకు తెలుగునాట ఒక అర్థం స్థిరపడింది: అది ఊరు దాటించే చదువు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో కోర్సు ఎంచుకున్న కుర్రవాడి కళ్ళు వీసా మీదే ఉండేవి.

ఒమాన్ యువతకు ఆ అర్థం లేదు. చమురు ఆదాయంతో నడిచే రాజ్యంలో చదువుకు సహజమైన ఫలం ప్రభుత్వోద్యోగం; స్థిరమైన జీతం, తక్కువ పనిగంటలు, సొంతవాళ్ళకు దగ్గరగా ఉండే వీలు. కంప్యూటరు పట్టాను కూడా వారు ఆ కొలతతోనే చూశారు. సాంకేతిక విద్య మగవారిదన్న పాశ్చాత్య భావన కూడా అక్కడ అంతగా పాతుకోలేదు. కంప్యూటరు తరగతులలో ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో కనిపిస్తారు.

అయితే పట్టాలు పెరిగినంత వేగంగా కొలువులు పెరగలేదు. 2011లో సొహార్ వీధుల్లో యువకులు పని కావాలని నినదించారు. సుల్తాన్ 50,000 ఉద్యోగాలు ప్రకటించారు. 2017 అక్టోబరులో ప్రభుత్వం మరో 25,000 మందికి పని కల్పిస్తామంది. 2018 జనవరిలో 87 వృత్తులలో విదేశీయులకు కొత్త వీసాలను ఆరు నెలలపాటు నిలిపివేసింది. ఆ గడువును తరువాత పొడిగించింది. ఆ జాబితాలో సమాచార సాంకేతిక రంగం కూడా ఉంది.

1998లో విడివిడిగా మొదలైన రెండు ఆశలు ఇలా ఒకే కుర్చీ దగ్గర ఎదురుపడ్డాయి. అంతకు ఇరవయ్యేళ్ళ ముందు ఒకటో తరగతిలో కంప్యూటరు నేర్చిన ఒమానీ యువతికి ఆ కుర్చీ సొంత దేశంలో నిలబడే హక్కు. మన ఇంజనీరుకు అది ఊళ్ళో ఇంటి అప్పు తీర్చే ఆధారం. ఇద్దరిలో ఎవరి ఆశా అన్యాయమైనది కాదు.

యువత సాంకేతిక వృత్తులను ఎలా చూస్తుందన్న ప్రశ్నకు జవాబును ఆసక్తి, అభిరుచులలోనే వెతకడం మనకు అలవాటు. ఒమాన్ అనుభవం వేరొకటి చెబుతుంది. ఆ చూపును పాఠ్యపుస్తకం కంటే ఎక్కువగా మలిచేది పని ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి దొరుకుతుంది అన్న లెక్క. మస్కట్‌లోని భారతీయ పాఠశాలల్లో చదివే మన పిల్లలకు ఆ లెక్క ముందే తెలుసు. తాము పెరిగిన ఊళ్ళో తాము ఉండేది ఉద్యోగ వీసా ఉన్నంతవరకేనని తెలిసే, వారు కంప్యూటర్ సైన్స్ ఎంచుకుంటున్నారు.