వెస్ట్ పాయింట్ ఆటస్థలం - 1931

సామర్లకోటకు పటాలం కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ వారు 1786లో అక్కడ బారకాసులు కట్టించారు. రంప పితూరీ నాళ్ళలో, 1879లో, సిపాయిలు మళ్ళీ వచ్చి దిగారు. 1893లో చివరి దళం తరలిపోయింది. సిపాయిల సంగతి ఈ విధంగా మన ప్రాంతం వారు ఎరిగినదే. వారిని నడిపించే అధికారులు తయారయ్యే విద్యాలయాల సంగతి మాత్రం మనకు దూరపుది. అట్టి వానిలో ప్రసిద్ధమైనది అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున 1802లో వెలసిన వెస్ట్ పాయింట్. రెండు ప్రపంచయుద్ధాల నడుమ ఆ విద్యాలయం జట్టు ఆడిన ఒక ఫుట్‌బాల్ సీజను కథ మేము ఇక్కడ చెప్పదలచినాము.

ముందుగా ఆ ఆటను గురించి ఒక మాట. అమెరికా వారు ఫుట్‌బాల్ అనేది మన పాఠశాలలలో ఆడే బంతాట కాదు. వారి బంతి కోడిగ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని చంకన ఇరికించుకొని పరుగెత్తవచ్చు. ఎదిరిపక్షం వారు మీదపడి ఆ పరుగును ఆపవచ్చు. చెడుగుడులో కూతకు వచ్చిన వానిని పట్టి నేలకు అదమడం చూచిన వారికి ఆ పట్టు సులువుగానే అర్థమవుతుంది. అయితే చెడుగుడు బరి చిన్నది. అక్కడ ఇద్దరు ఆటగాళ్ళు చెరొక దిక్కునుంచి ఎన్నో గజాలు పరుగెత్తుకొని వచ్చి ఢీకొంటారు. ఒక పక్షం వారు బంతిని దూరంగా తన్ని ఆట ప్రారంభించే ఘట్టంలో ఈ వేగం మరీ ఎక్కువ.

సైనిక విద్యాలయంలో ఆటకు ఇంత స్థానం ఎందుకు? మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన డగ్లస్ మెకార్థర్ 1919 నుంచి 1922 వరకు వెస్ట్ పాయింట్ అధిపతి. ప్రతి కేడెట్టూ ఏదో ఒక ఆటలో పాల్గొని తీరవలెనని ఆయన నియమం పెట్టాడు. దెబ్బకు జంకకుండా, తోటివారిని విడవకుండా నిలబడడం ఆటస్థలంలోనే అలవడుతుందని ఆయన నమ్మకం.

1931లో జట్టుకు శిక్షకుడు మేజర్ రాల్ఫ్ సాసీ. మొదటి మూడు ఆటలూ గెలుపులే. ఓహియో నార్తర్న్‌పై 60-0, నాక్స్‌పై 67-6, మిచిగన్ స్టేట్‌పై 20-7. అక్టోబరు 17న హార్వర్డ్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో, 13-14తో, ఓడారు. అక్టోబరు 24న న్యూ హేవెన్‌లో యేల్‌తో తలపడ్డారు. తమవారు తన్నిన బంతిని అందుకొని పరుగు తీస్తున్న యేల్ ఆటగానిని ఆపబోయి రిచర్డ్ షెరిడన్ అనే కేడెట్ నేలకొరిగాడు. మెడ ఎముకలు విరిగాయి. ఆట 6-6తో సమానంగా ముగిసింది. రెండు రోజుల తరువాత, 26న, అతడు ఆసుపత్రిలో మరణించాడు.

వెస్ట్ పాయింట్‌కు ఇట్టి దుఃఖం ఇది మొదటిది కాదు. 1909లో హార్వర్డ్‌తో ఆడుతూ గాయపడి యూజిన్ బర్న్ అనే కేడెట్ చనిపోయాడు. అప్పుడు మిగిలిన ఆటలన్నీ రద్దు చేశారు. 1931లో ఆ పని చేయలేదు. జట్టు మళ్ళీ బరిలోకి దిగింది. పిట్స్‌బర్గ్‌తో 0-26గా ఓడింది. నవంబరు 28న నోటర్ డామ్‌ను 12-0తో ఓడించింది. నావికా విద్యాలయంతో ఆటలు, ఆటగాళ్ళ అర్హతను గురించిన తగవువల్ల, 1928 నుంచి నిలిచిపోయి ఉండేవి. ఆర్థికమాంద్యంలో పనులు లేక అలమటిస్తున్న వారి సహాయార్థం 1930లోను, 1931లోను ఉభయులూ న్యూయార్క్‌లో ఆడారు. 1931 డిసెంబరు 12న సైన్యం వారు 17-7తో నెగ్గారు. మొత్తం మీద ఎనిమిది గెలుపులు, రెండు ఓటములు, ఒకటి సమానం.

లెక్క చూస్తే మంచి సీజనే. కాని చరిత్ర ఆ లెక్కతో ముగియలేదు. ఆ యేడు అమెరికాలో ఫుట్‌బాల్‌వల్ల మరణించిన యువకులు ఇంకా అనేకులున్నారు. 1932లో నియమాలు మార్చారు. తన్నిన బంతిని అందుకొనే పక్షంలో కనీసం ఐదుగురు ముందువైపు నిలబడవలెనన్నారు. అందరూ వెనుకకు పోయి గుంపుకట్టి దూసుకొని వచ్చే పద్ధతి దీనితో తగ్గింది. గాలిలోకి ఎగిరి మీదపడడాన్ని నిషేధించారు. బంతి పట్టినవాడు నేల తాకగానే ఆట ఆగవలెనన్నారు.

1909లో ఆటను ఆపి చనిపోయినవానికి గౌరవం చూపారు. 1932లో ఆటను దిద్ది బ్రతికి ఉన్నవారికి రక్షణ చూపారు. మొదటిది శోకధర్మం, రెండవది మరుసటి యేడు బరిలోకి దిగే పిల్లవానిపట్ల పెద్దల బాధ్యత. ఆ పని ఒక్కసారితో తీరలేదు. 2018లో కూడా అక్కడి కళాశాలల ఆటలో ఆ తన్నుడు ఘట్టంలోని పరుగులను తగ్గించే మరొక నియమం తెచ్చారు. ధైర్యం నేర్పే ఆటకు నియమాలు పెట్టేవారు ముందుగా చూడవలసినది ఆడేవాని మెడనే.