సీసపు గుండు, అచ్చు వేడిమి



ఆదోని సీమలో హొళగుందకు చేరువనున్న దేవరగట్టు పేరు మీలో పెక్కురు వినియుందురు. విజయదశమి నాటి రాత్రి మాళమల్లేశ్వరస్వామి కల్యాణానంతరము దివిటీల వెలుగున పల్లెలవారు కర్రలతో కలియబడు బన్ని యుత్సవము అచ్చట నేటికిని జరుగుచున్నది. కర్రకు ఇనుపకట్టు వేసినచో అది ఆయుధమే. దానికి ఒక చెట్టును, ఒక కమ్మరియు చాలును. తుపాకి యట్టిది కాదు. పేల్చిన ప్రతిమారును దానికి క్రొత్త మేత కావలెను. ఆ మేతయే సీసపు గుండు. ఒకనాడు ఈ సీమలో తుపాకి పట్టినవారి బలము ఆ గుండును పోయు అచ్చుయొక్క వేడిమిపై నెట్లు ఆధారపడినదో నేడు మనవి చేయదలచితిని.

1800 సంవత్సరమున నిజాము ఈ ప్రాంతమును ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో దొరకు ఎదురైనవారు 80 మంది పాళెగాండ్రు. వారి కొలువున 30,000 మంది సాయుధులైన బంట్లుండిరని నాటి లెక్క. ఈటెలు, కత్తులతోబాటు జామగి తుపాకులును వారికి గలవు. ఆ తుపాకులు ఊరి పనివాండ్రు చేసినవి. ఒకదాని గొట్టము వేరొకదానికి సరిపోలదు. అందుచే తుపాకికి తగిన గుండును, గుండునకు తగిన అచ్చును కావలెను. ఒక పౌను సీసముతో సమానమైన పండ్రెండు గుండ్లు చేసినచో, అందొకటి పట్టు గొట్టమే పండ్రెండు బోరు తుపాకి. ఈ పాతకొలత నేటికిని నిలిచియున్నది.

సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమియొద్ద కరగును. కావున వంటపొయ్యియు, ఇనుప గరిటెయు చాలును. పటకారువలె తెరచుకొను రెండు దిమ్మల అచ్చులో సీసమును పోసి, గట్టిపడగానే విప్పుట చూచుటకు సులువైన పని. అయినను అచ్చు చల్లగానున్నచో గుండు ముడుతలు పడును. తొలిగుండ్లను మరల గరిటెలో వేయవలసినదే. పిదప కొంతసేపు నున్నని మంచి గుండ్లు వచ్చును. చిక్కంతయు ఆ తరువాతనే. పోసిన ప్రతిమారును సీసము తన వేడిని అచ్చునకిచ్చును. ఆ వేడి గాలిలోనికి పోవకమునుపే మరల పోసినచో అచ్చు నానాటికి గాక క్షణక్షణమునకు కాగిపోవును. అప్పుడు గుండు మంచుపట్టినట్లు తెల్లబడును, గట్టిపడుటకు ఆలస్యమగును. తొందరపడి విప్పినచో మెడ చిరిగి, దిమ్మల నడుమ సీసము అంటుకొనును. అవి సరిగా మూసికొనక తరువాతి గుండునకు అంచు లేచును. అట్టి గుండు గొట్టములో నడుమ చిక్కినచో శత్రువునకు గాక పేల్చినవానికే ప్రాణాపాయము.

దీనికి మందు ఓర్పే. విప్పిన అచ్చును కొంతసేపు గాలికుంచవలెను. లేదా రెండచ్చులు పెట్టుకొని ఒకటి చల్లారుచుండగా రెండవదానిని వాడవలెను. పొయ్యిమంట తగ్గింపవలెను. నీట ముంచుట మాత్రము తగదు. ఇనుము వంకర పోవును. తడి మిగిలిన అచ్చులో సీసము పోసినచో ఆవిరి పుట్టి కరగిన లోహము ముఖముపైకి చిమ్మును.

ఈ ఓర్పుయొక్క వెల యెంతో లెక్కింతము. 30,000 మందిలో మూడవవంతునకే తుపాకులున్నవనియు, ఒక్కొక్కనికి ఇరువదే గుండ్లు కావలెననియు అనుకొందము. రెండు లక్షల గుండ్లు. ఒక అచ్చునుండి నిమిషమునకు మూడు చొప్పున వచ్చినచో 1,111 గంటలు పట్టును. పదునైదు అచ్చులున్నను మూడు దినములు రేయింబవళ్లు పొయ్యి ఆరరాదు. 1801లో తెర్నేకల్లు గ్రామకోట కంపెనీసేన తొలి దాడిని త్రిప్పికొట్టినది. అయినను కంపెనీ మరల వచ్చి కోటను పట్టుకొనెను. వెనుక ఆయుధశాలలు గల సేనకు ఆలస్యము ఆలస్యమే. ముట్టడిలోనున్న పల్లెకు ఆలస్యము అపజయము.

పాశ్చాత్యులు ఈ చిక్కును మరియొక త్రోవను దాటిరి. బ్రిస్టలు నగరవాసియైన విలియం వాట్సు 1782లో, కరగిన సీసమును ఎత్తునుండి జల్లెడగుండ నీటిలోనికి రాల్చి చిన్నగుండ్లు చేయుటకు హక్కుపత్రము పొందెను. అచ్చే లేదు, ఇక అది కాగుటెక్కడ! పెద్దగుండ్లనుగూడ 19వ శతాబ్ది నడుమ నాటికి చల్లని సీసపు కడ్డీలనుండి యంత్రములు అదిమి తీయసాగెను. 1846లో కట్టుబడి బంట్లతో లేచిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పోరు ఈ రెండు కాలముల సంధిలో జరిగినది. 1847 ఫిబ్రవరి 22న ఆయనను కోయిలకుంట్లలో ఉరితీసిరి. 1878 నాటి ఆయుధశాసనముతో అనుమతి లేని తుపాకి నేరమయ్యెను.

పాళెగాండ్రందరును ప్రజాపాలకులని నేను చెప్పజాలను. వారి బంట్ల తుపాకి శత్రువుపైనేగాక రైతుపైనను గురిపెట్టబడినది. ఆయుధము పోయినందుకు రైతు సంతసించియుండవచ్చును. కాని ఆయుధముతోపాటు, లోహపు రంగు చూచి వేడిని కనిపెట్టి చేయి నిలుపుకొను నేర్పును మరుగుపడినది. మన చరిత్రకారులు రాజుల పేర్లు వ్రాసిరి, కోటల కొలతలు వ్రాసిరి. పొయ్యిచెంత కూర్చుండి అచ్చు చల్లారువరకు వేచిన చేతులను ఎవ్వరును వ్రాయలేదు. యుద్ధములో గుండు వేగముగా పోవునుగాని, దానిని చేయు చేయి మెల్లగానే యుండవలసివచ్చెను.