పత్తిచేనూ వేపగింజా



మా అవ్వ జొన్నల గాదెలో ఎండిన వేపాకు వేసేది. పరుపులకు పత్తి ఆదోని నుంచి వచ్చేది. ఆ పత్తికీ ఈ వేపకూ చుట్టరికం ఉందని నాకు అప్పట్లో తట్టలేదు.

ఆదోని పత్తి బేరానికి పెట్టింది పేరు. పక్కనే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టారు. అప్పుడీ ప్రాంతం బళ్లారి జిల్లాలోది. 1953లోగాని కర్నూలులో కలవలేదు. ఆనాటి నల్లరేగడి చేలల్లో నాటుపత్తి వేసేవారు. దిగుబడి తక్కువే, కానీ వానచినుకుతో పండేది, పురుగును తట్టుకునేది.

1970లో గుజరాత్‌లో హైబ్రిడ్ పత్తి పుట్టింది. మెల్లగా మన వైపూ వచ్చింది. కాపు పెరిగింది, దాంతో పురుగూ పెరిగింది. మందు మీద మందు కొట్టేసరికి శనగపచ్చ పురుగు మొండికెత్తింది. దాన్ని తినే సాలీళ్లూ, అక్షింతల పురుగులూ మాత్రం చచ్చాయి! 1997-98లో వరంగల్లు జిల్లాలో అప్పులపాలైన పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు, కొందరు ఆ మందే తాగి. ఆ మాట చెప్పబోతే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. 2002లో బీటీ పత్తి వచ్చి కొన్నేళ్లు ఊరట నిచ్చింది గాని, గులాబిరంగు పురుగు దానికీ అలవాటు పడింది.

ఇక వేప సంగతి. 1959లో సూడాన్‌లో మిడతల దండు పచ్చనిదల్లా మేసి వేపచెట్టును ముట్టలేదట. చూసిన జర్మను శాస్త్రజ్ఞుడు ష్మూటరర్ దానిమీదే పరిశోధన సాగించారు. మన అవ్వలకు ఇది కొత్తా, చెప్పండి? వేప కషాయం పురుగును అప్పటికప్పుడు చంపదు. దాని ఆకలి చస్తుంది, కుబుసం విడవలేక పోతుంది.

దీన్ని ఊరంతా పాటించి చూపింది అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకుల. మందు కొట్టి మగవాళ్లు జబ్బుపడుతుంటే, అప్పు తీర్చలేక ఇల్లు గుల్లవుతుంటే, మహిళా సంఘాల ఆడవాళ్లే పట్టుబట్టారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, చేను చుట్టూ ఆముదం మొక్కలు, లింగాకర్షక బుట్టలు – ఇవే వాళ్ల ఆయుధాలు. 2004 నాటికి పునుకుల పురుగుమందు లేని ఊరయింది. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ ప్రకృతి సేద్యం పేరుతో ఈ దారి పట్టింది.

చిక్కల్లా కాటా దగ్గరే. కుప్ప పోస్తే మందు కొట్టిన పత్తీ, కొట్టనిదీ ఒకే తెలుపు!

కషాయం పెరటి మొక్కలకూ పనికొస్తుంది. చేనుకైతే 5 కిలోల గింజల పప్పు పొడి మూటగట్టి రాత్రంతా నానవేసి, పిండి, 100 లీటర్ల నీళ్లు చేసి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లాలి. ఎండకు దాని సారం పోతుంది. రాలిన వేపపళ్లు ఏరి, గుజ్జు కడిగి, గింజల్ని నీడనే ఆరబెట్టండి. తడి ఉండగా మూట కట్టారా, బూజే మిగులుతుంది.