‘బాపు’ నీడన పోలెండు పిల్లలు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



పరాయిచోటికి వచ్చిన పిల్లలకు కడుపునిండా తిండి పెట్టి, ఒంటికి సరిపడా బట్ట ఇచ్చి, పడుకోవడానికి చోటు చూపిస్తే ఇంకేం కావాలి అని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. ఆ అభిప్రాయం తప్పని నాకు తెలియజెప్పింది ఒక ఎనిమిదేళ్ళ పిల్ల.

మా అక్కయ్య ఆపరేషను చేయించుకుని ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాళ్ళమ్మాయిని నెల్లాళ్ళు మా ఇంట్లో ఉంచుకున్నాం. వాళ్ళది అనంతపురం వైపు పల్లెటూరు. మేముండేది బెజవాడలో. వచ్చిన రోజున “యాడికి పోతాండావు పిన్నీ?” అని నన్నడిగితే మా పిల్లలు పకపకా నవ్వారు. అంతే, ఆ పిల్ల నోరు మూతపడింది. పెట్టింది తింటుంది, చెప్పింది చేస్తుంది, మాట మాత్రం లేదు. బెంగ కాబోలనుకుని నేను మిఠాయి కొనిపెట్టాను, కొత్త గౌను కుట్టించాను. ఏమీ లాభం లేకపోయింది. ఆఖరికి మా అత్తగారు ఆ పిల్లను వంటింట్లో పక్కన కూచోబెట్టుకుని, “దీన్ని మీ ఊళ్ళో ఏమంటారే? ఇది మీ అమ్మ ఎట్లా వండుతుందే?” అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. రెండోరోజుకు పిల్ల నోరు విప్పింది. వారం తిరిగేసరికి మా పిల్లలకే కథలు చెప్పసాగింది.

చూడండి, మన భాషే, మన రాష్ట్రమే, పైగా స్వయానా పిన్నిగారి ఇల్లు. నెల తిరిగితే అమ్మ దగ్గరకు వెళ్ళిపోతుంది. అయినా అంత బాధ! మరి ఇల్లూ, ఊరూ, దేశమూ పోగొట్టుకుని, అమ్మానాన్నా బతికున్నారో లేదో తెలియక, ఒక్క ముక్క కూడా అర్థంకాని దేశంలో దిగిన పిల్లల సంగతేమిటి? అట్లాంటి పిల్లలు కొన్ని వందలమంది 1942లో మన దేశానికే వచ్చారు. వాళ్ళను ఇక్కడ ఎట్లా సాకారో ఈ పూట చెప్పుకుందాం.

1939 సెప్టెంబరు 1న హిట్లరు సైన్యాలు పడమటి దిక్కునుంచి పోలెండు మీద పడ్డాయి. అదే నెల 17న తూర్పు దిక్కునుంచి రష్యా సైన్యాలు వచ్చాయి. దేశాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. రష్యాకు చిక్కిన తూర్పు భాగంనుంచి 1940, 41 సంవత్సరాల్లో లక్షలమందిని అర్ధరాత్రి నిద్ర లేపి, చేతికందిన మూటతో గూడ్సుపెట్టెల్లో ఎక్కించి సైబీరియాకూ, కజకిస్తానుకూ తరలించారు. అక్కడ అడవులు నరికే పని, ఎముకలు కొరికే చలి, తిండికి కరువు. 1941 జూన్‌లో హిట్లరు రష్యా మీదకే తిరగబడ్డాక, రష్యావాళ్ళు పోలెండుతో ఒప్పందం చేసుకుని వీళ్ళను వదిలిపెట్టారు. అక్కడే పోలిష్ సైన్యం ఒకటి తయారవుతోందని విని, జనం వేలకు వేలు దక్షిణానికి బయలుదేరారు. దారిలో ఆకలికి, విషజ్వరాలకు పెద్దవాళ్ళు రాలిపోయారు. మిగిలిన తల్లుల్లో కొందరు, తమ దగ్గర ఉంటే బిడ్డ దక్కదని తెలిసి, చేజేతులా అనాథాశ్రమంలో వదిలేశారు. తాము బతికుండగానే బిడ్డను అనాథగా రాయించారు. ఆ తల్లి మనసు ఎట్లా ఉండి ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

అప్పుడు బొంబాయిలో పోలెండు కాన్సల్‌గా ఉన్న బనసిన్‌స్కీగారి భార్య కీరా బనసిన్‌స్కా అక్కడి రెడ్‌క్రాసు పనులు చూసేవారు. మందులు, బట్టలు, తిండిసామాన్లు వేసుకుని మన దేశంనుంచి కొన్ని లారీలు రష్యాకు వెళ్ళాయి. తిరుగు ప్రయాణంలో ఆ లారీలే పిల్లలను ఎక్కించుకుని వచ్చాయి. అష్ఖాబాదులో బయలుదేరి, ఇరాన్ కొండదారులు దాటి, క్వెట్టా మీదుగా బొంబాయికి చేరారు. మొదటి జట్టుతోబాటు వచ్చినావిడ హాంకా ఓర్డోనువ్నా. పోలెండులో ఆవిడ పేరుమోసిన గాయని, సినిమా తార. తానే జబ్బుమనిషి అయివుండి కూడా పిల్లలను వెంటబెట్టుకు వచ్చింది. ఈ పిల్లల కథను ఆవిడ తరువాత పుస్తకంగా కూడా రాసింది.

వచ్చిన పిల్లలను ఎక్కడ ఉంచాలి? యుద్ధం రోజులు, బ్రిటిషు ప్రభుత్వం లెక్కలు చూసుకునే కాలం. అప్పుడు “నా సంస్థానంలో చోటిస్తాను” అని ముందుకు వచ్చినాయన నవానగర్ జామ్ సాహెబ్ దిగ్విజయ్ సింహ్‌జీ. ఒకప్పుడు మన మగవాళ్ళు రేడియోకు చెవులప్పగించి విన్న రంజీ ట్రోఫీ ఎవరి పేరిట ఉందో, ఆ రంజీగారికి దత్తపుత్రుడు, వారసుడు. గుజరాతులో జామ్‌నగరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరాన, సముద్రపుటొడ్డున బాలాచడి అనే చోట ఆయనకు వేసవి విడిది ఉండేది. దాని పక్కనే పిల్లలకు షెడ్లు వేయించారు. బొంబాయిలోని బాంద్రాలో కొన్నాళ్ళుండి కాస్త కోలుకున్న పిల్లలు 1942 జూలైలో అక్కడికి చేరారు. ఆ తరువాత ఇంకొన్ని జట్లు వచ్చాయి. నాలుగేళ్ళలో ఆరువందలమందికి పైగా పిల్లలు అక్కడ తలదాచుకున్నారు. రెండు మూడేళ్ళ పసివాళ్ళ దగ్గర్నుంచి పదిహేను పదహారేళ్ళ వాళ్ళదాకా. ఖర్చుకు పటియాలా, బరోడా సంస్థానాలు, టాటాలవంటి వారు చందాలు ఇచ్చారు.

పిల్లలు దిగిన రోజున జామ్ సాహెబ్ వాళ్ళతో ఒక మాట అన్నారట. మీరిక అనాథలు కారు, నవానగర్ ప్రజలందరూ నన్ను బాపు అంటారు, ఇకనుంచి మీకూ నేను బాపునే అని. ఆ పిల్లలు ముసలివాళ్ళయి, మనవల్ని ఎత్తుకున్నాక కూడా ఆ మాట చెప్పి కళ్ళు తుడుచుకునేవారు.

మాటకేం, ఎవరైనా అంటారు అంటారేమో. అన్నమాట ఎట్లా నిలబెట్టుకున్నారన్నదే అసలు సంగతి.

శిబిరంలో పిల్లలకు పాలకూర ఉడకబెట్టి పెట్టేవారట. వాళ్ళకది పరమ అసహ్యం. రోజూ అదేనా అని ఒకనాడు అందరూ కలిసి తినమని మొండికేశారు. కబురు జామ్ సాహెబ్‌దాకా వెళ్ళింది. ఆయన స్వయంగా వచ్చి, విషయం విని, ఇక పాలకూర వండవద్దని వంటవాళ్ళకు చెప్పి వెళ్ళారట.

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది కదూ? కాని మనం ఆ స్థానంలో ఉంటే ఏమనేవాళ్ళం? “ఎముకలగూళ్ళుగా వచ్చారు. అక్కడ రొట్టెముక్కకు గతిలేదు. ఇక్కడ వేళకింత పెడుతుంటే వంకలా?” అనేవాళ్ళం. నేనైతే తప్పకుండా అనివుందును. ఆశ్రయం ఇచ్చినవాళ్ళకు తెలియకుండానే ఒక ఆశ ఉంటుంది, వీళ్ళు ఎప్పుడూ కృతజ్ఞతగా తలవంచుకుని ఉండాలని. కాని తల్లి దగ్గర ఉన్న పిల్ల “నాకీ కూర వద్దు” అంటుంది. పరాయిపంచన ఉన్న పిల్ల అనదు, మింగేస్తుంది. కనక “వద్దు” అనే ధైర్యం వచ్చిందంటే, ఇది నా ఇల్లు అన్న నమ్మకం ఆ పిల్లకు కాస్త కుదిరిందని అర్థం. జామ్ సాహెబ్ ఆ సంగతి గ్రహించారు.

రెండోది, ఆయన ఆ పిల్లలను గుజరాతీ పిల్లలుగానో, దొరల పిల్లలుగానో మార్చాలని చూడలేదు. తన అతిథి గృహాన్ని బడికి ఇచ్చారు. పోలిష్ భాషలో పుస్తకాలు తెప్పించి లైబ్రరీ పెట్టించారు. పాఠాలు చెప్పేవాళ్ళు, నర్సులు, పిల్లలను చూసుకునే ఆడవాళ్ళు పోలెండువాళ్ళే. వాళ్ళూ అన్నీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళే. శిబిరం పెద్దగా ప్లూతా అనే ఫాదిరీగారు ఉండేవారు. జామ్ సాహెబ్ హిందువు. అయినా పిల్లల ప్రార్థనకు చోటు, వాళ్ళ క్రిస్మసు, వాళ్ళ స్కౌటు దళం, వాళ్ళ జెండా, వాళ్ళ పాటలు అన్నీ సాగాయి. పిల్లలు తమ దేశపు నాటకాలు, నృత్యాలు ప్రదర్శిస్తే ఆయన వచ్చి ముందువరసలో కూచుని చూసేవారు. భాష అర్థం కాకపోతేనేం, చూడటానికి బాపు వచ్చాడన్నదే పిల్లలకు కావలసింది. అట్లాగని వాళ్ళను కంచె వేసి ఉంచలేదు. ఇరుగుపొరుగు పిల్లలతో ఫుట్‌బాలు ఆడేవారు, సముద్రంలో ఈదేవారు, ఆయన సొంత పిల్లలూ వీళ్ళతో కలిసి ఆడుకునేవారు.

దీని విలువ తెలియాలంటే ఇంకో కథ కూడా చెప్పాలి. యుద్ధం మొదలవకముందు, 1938 డిసెంబరునుంచి 1939 సెప్టెంబరుదాకా, హిట్లరు బారినుంచి తప్పించడానికి దాదాపు 10,000 మంది పిల్లలను జర్మనీ, ఆస్ట్రియా, చెకోస్లొవేకియాలనుంచి ఇంగ్లండుకు రైళ్ళలో పంపారు. ఎక్కువమంది యూదుల బిడ్డలు. తల్లిదండ్రులకు మాత్రం ప్రవేశం లేదు. స్టేషనులో చేతులూపి వెనుదిరిగిన తల్లుల్లో చాలామంది ఆ తరువాత హిట్లరు శిబిరాల్లో హతమయ్యారు. పిల్లల ప్రాణాలు దక్కాయి, అది చాలా గొప్ప సంగతి. ఎంతోమంది ఇంగ్లీషు గృహిణులు తమ పిల్లలతో సమానంగా పెంచారు కూడా. కాని చాలామంది ఒక్కొక్కరుగా ఒక్కో ఇంటికి వెళ్ళారు. చుట్టూ తమ భాష మాట్లాడే మనిషి లేడు. చిన్నవాళ్ళు రెండు మూడేళ్ళలో తల్లిభాష పూర్తిగా మరిచిపోయారు. యుద్ధం ముగిశాక ఏ కొద్దిమంది తల్లిదండ్రులో ప్రాణాలతో బయటపడి బిడ్డను వెతుక్కుంటూ వస్తే, ఆ బిడ్డతో మాట్లాడటానికి భాష లేదు! వాళ్ళకు అమ్మ పరాయిది, పెంచిన ఇల్లే సొంతం. ఇందులో తప్పు ఎవరిదనగలం? కాని భాష పోతే తిరిగి వెళ్ళే దారి కూడా పోతుందని ఆ పిల్లల జీవితాలే చెబుతున్నాయి.

యుద్ధం చివర్న, 1945 ఆగస్టులో, హిట్లరు శిబిరాలనుంచి బతికి బయటపడిన మూడువందలమంది పిల్లలను ఇంగ్లండులోని విండర్‌మియర్ సరస్సు పక్కకు తీసుకువచ్చారు. భోజనాల గదిలో కావలసినంత రొట్టె ఉన్నా, చేతికందింది అందుకుని పరుగెత్తి వెళ్ళి పరుపుల కింద దాచుకునేవారు. దాన్ని దొంగతనమని అనగలమా? రేపు కూడా రొట్టె ఉంటుందని పిల్లలకు నమ్మకం కుదరడానికి రోజులు పడుతుంది. ఆ రోజులు ఓపిక పట్టడమే పెంచేవాళ్ళు చేయవలసిన పని.

మళ్ళీ బాలాచడికి వద్దాం. యుద్ధం ముగిసింది కాని పిల్లల కష్టం ముగియలేదు. వాళ్ళ ఊళ్ళు ఉన్న తూర్పు భాగం రష్యాలో కలిసిపోయింది. పోలెండులో రష్యా చెప్పుచేతల్లో ఉన్న ప్రభుత్వం వచ్చింది. పిల్లలను వెనక్కి పంపమని ఆ ప్రభుత్వం అడిగింది. తమను సైబీరియాకు పంపినవాళ్ళ చేతికే మళ్ళీ వెళ్ళాలా అని పిల్లలు హడలిపోయారు. అప్పుడు జామ్ సాహెబ్, ఫాదిరీ ప్లూతా, ఒక బ్రిటిషు అధికారి కలిసి, తల్లిదండ్రుల జాడ తెలియని పిల్లలను చట్టప్రకారం దత్తత చేసుకుంటూ కాగితాలు రాశారు. బాపు అన్న మాట కాగితం మీద కూడా నిలిచిందన్నమాట. 1946లో శిబిరం మూసినప్పుడు మిగిలిన పిల్లలు కొల్హాపురం దగ్గరి వళివడె శిబిరానికి వెళ్ళారు. అక్కడ దాదాపు 5,000 మంది పోలిష్‌వాళ్ళు, ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ, 1943నుంచి 1948దాకా ఉన్నారు. ఆ తరువాత తల్లో తండ్రో దొరికినవాళ్ళు పోలెండుకు, మిగతావాళ్ళు ఇంగ్లండుకూ, అమెరికాకూ, ఆస్ట్రేలియాకూ వెళ్ళి స్థిరపడ్డారు. ఎక్కడికి వెళ్ళినా వాళ్ళకు సొంత భాష ఉంది, పాట ఉంది, ఒకరికొకరు ఉన్నారు.

ఇందులో మనకు దగ్గరి విశేషం ఒకటుంది. ఆ పిల్లలకోసం పాటుపడిన కీరా బనసిన్‌స్కా యుద్ధం తరువాత స్వదేశానికి వెళ్ళలేదు. ఇండియాలోనే ఉండిపోయి, మన హైదరాబాదులో స్థిరపడ్డారు. పిల్లలకు నీడ వెతికిన మనిషికి చివరికి మన ఊరు నీడ అయింది.

ఆ తరువాత కూడా మన దేశానికి కాందిశీకుల పిల్లలు వచ్చారు. చలికాలంలో మన వీధుల్లో స్వెటర్లు అమ్మే టిబెటన్లను మీరు చూసే ఉంటారు. 1959లో దలైలామా వెంట వచ్చినవాళ్ళు కొండల్లో రోడ్డు పనులు చేస్తుంటే పిల్లలు జబ్బుపడ్డారు. 1960 మే నెలలో 51 మంది పిల్లలతో ధర్మశాలలో ఒక శిశుగృహం మొదలైంది. దలైలామాగారి అక్కయ్య, ఆవిడ పోయాక చెల్లెలు దాన్ని నడిపారు. పెద్ద హాస్టలులా కాక, కొందరు పిల్లలకు ఒక ఇల్లు, ఆ ఇంటికి ఒక అమ్మ అన్న పద్ధతి పెట్టారు. అక్కడ కూడా టిబెటన్ భాష చెప్పారు, దాంతోబాటు మన దేశంలో బతకడానికి కావలసిన చదువూ చెప్పారు.

జామ్ సాహెబ్ 1966లో పోయారు. వార్సాలో ఇవాళ ఆయన పేరిట ఒక బడి, ‘మంచి మహారాజు’ పేరిట ఒక కూడలి ఉన్నాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు, తెలుగు పిల్లలు ఎందరో, చలిలో సరిహద్దుకు నడిచారు. వీసా లేకపోయినా రానిస్తామని పోలెండు ప్రకటించింది. ఆ రాత్రుళ్ళు ఫోను పట్టుకుని కూచున్న తల్లులు మన వీధుల్లోనే ఉన్నారు.

మహారాజుల సంగతి మనకెందుకండీ అనకండి. ఒడిశానుంచి ఇటుకబట్టీలకు వచ్చిన కూలీల పిల్లలు మన ఊరి శివార్లలో ఉన్నారు. బదిలీమీద వచ్చిన పక్కవాటా వాళ్ళ పిల్ల మన పిల్లల క్లాసులో మూగగా కూచుంటుంది. బిస్కెట్టు పెట్టండి, మంచిదే. దాంతోబాటు ఆ పిల్లను దగ్గర కూచోబెట్టుకుని, “దీన్ని మీ ఊళ్ళో ఏమంటారమ్మా?” అని అడగండి. చెప్పిన మాట మీరూ ఒకసారి పలికి చూడండి. తప్పు పలికితే ఆ పిల్ల నవ్వుతుంది. నవ్వనివ్వండి.