విశ్వవిద్యాలయాలలో ఇండో-యూరోపియన్ భాషాధ్యయనం

సంస్కృతం, గ్రీకు, లాటిన్, అవెస్తన్, గోథిక్, హిట్టైట్ మొదలైన ప్రాచీన భాషలను పోల్చి చూచి, వాటికి మూలమైన భాష ఎట్లు ఉండేదో నిర్ణయించే విద్యను ఇండో-యూరోపియన్ తులనాత్మక భాషాశాస్త్రం అంటారు. జర్మనీలో దీనిని "ఇండోగెర్మానిస్టిక్" అని, ఆక్స్‌ఫర్డులో "కంపారటివ్ ఫిలాలజీ" అని వ్యవహరిస్తారు. ఆ మూలభాషలో వ్రాసిన శాసనం గాని, గ్రంథం గాని ఒక్కటీ దొరకలేదు. అది లిపి లేని కాలపు భాష. అందుచేత ఈ శాస్త్రంలో పునర్నిర్మించిన ప్రతి పదానికి ముందు ఒక నక్షత్రపు గుర్తు (*) ఉంచడం ఆచారం. ఇది పోల్చి కట్టిన రూపమే గాని ఎక్కడా వ్రాసి ఉన్నది కాదని ఆ గుర్తు చదువరిని హెచ్చరిస్తుంది.

ఆరంభం

1786 ఫిబ్రవరి 2న కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో సర్ విలియం జోన్స్ చేసిన ఉపన్యాసంతో ఈ శాస్త్రం మొదలైనట్లు పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుండి పుట్టి ఉండాలని, ఆ మూలం ఇప్పుడు లేకపోయి ఉండవచ్చునని ఆయన అందులో సూచించాడు. అయితే అంతకు 19 ఏళ్ళ ముందే, 1767లో, దక్షిణ భారతంలో పనిచేసిన కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు ఇదే విషయాన్ని పారిస్ పండితులకు వ్రాసి పంపాడు. ఆయన తెలుగు నేర్చినవాడు. తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. ఆయన లేఖ 1808 వరకు అచ్చుకు నోచుకోలేదు. అందువలన కీర్తి జోన్స్‌కు దక్కింది.

పోలికలు గమనించడం వేరు, వాటిని శాస్త్రంగా నిలబెట్టడం వేరు. ఆ పనికి 1816లో ఫ్రాంజ్ బాప్ పూనుకొన్నాడు. ఆయన పదాలను విడిగా పోల్చక సంస్కృత, గ్రీకు, లాటిన్, పారశీక, జర్మానిక్ భాషల క్రియారూపాలను పోల్చాడు. ఒక భాష మరొక భాష నుండి పదాలను సులువుగా అప్పు తెచ్చుకొంటుంది గాని, క్రియావిభక్తుల వరుసను మొత్తంగా తెచ్చుకోవడం చాలా అరుదు. 1821లో బాప్ బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు.

ధ్వని నియమాలు

సంస్కృతంలో "ప" ఉన్నచోట ఇంగ్లీషులో "ఫ" ఉండడం (పాదం - ఫుట్, పితృ - ఫాదర్) యాదృచ్ఛికం కాదని రాస్క్ 1818లోను, గ్రిమ్ 1822లోను చూపారు. కాని ఈ నియమానికి లొంగని పదాలు కొన్ని మిగిలాయి. సంస్కృతంలో "పితృ", "భ్రాతృ" రెండింటిలోను ఉన్నది ఒకే తకారం. పాత ఇంగ్లీషులో మాత్రం మొదటిదానిలో "డ", రెండవదానిలో "థ" కనిపిస్తాయి. డెన్మార్కు దేశీయుడైన కార్ల్ వెర్నర్ దీనికి కారణం వేదస్వరంలో ఉన్నదని కనుగొన్నాడు. వైదిక సంస్కృతంలో "పితా" అన్నప్పుడు ఉదాత్తం రెండవ అక్షరం మీద, "భ్రాతా" అన్నప్పుడు మొదటి అక్షరం మీద పడుతుంది. మన వేదపండితులు గురుముఖంగా కాపాడుకొంటూ వచ్చిన స్వరం, వేలమైళ్ళ దూరాన ఉన్న జర్మానిక్ భాషలలోని ఒక హల్లు మార్పును వివరించింది! పోలికలో మన సంప్రదాయం చేసిన మేలు ఇంతటిదని చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు.

ఈ విజయంతో ధైర్యం చిక్కిన లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ యువపండితులు (లెస్కీన్, బ్రుగ్మాన్, ఓస్ట్‌హోఫ్ మొదలైనవారు) ధ్వని నియమాలకు అపవాదాలు లేవని ప్రకటించారు. అపవాదం కనబడితే అక్కడ మనకు తెలియని మరో నియమం గాని, సాదృశ్యం గాని, అరువు గాని ఉండి ఉంటుందని వారి వాదం.

పైకి కనిపించే పోలిక ఎంత మోసకరమైనదో రెండు ఉదాహరణలతో తెలుస్తుంది. దేవుడు అనే అర్థమున్న లాటిన్ "దేయుస్", గ్రీకు "థెయోస్" పదాలకు చుట్టరికం లేదు. లాటిన్ పదానికి చుట్టం మన "దేవ" శబ్దమే. రెండు అనే అర్థంలో ఆర్మీనియన్ భాషలో ఉన్న "ఎర్కు" మాత్రం, ఏ పోలికా కనబడకపోయినా, సంస్కృత "ద్వా"కు సోదర పదమే. ఆ భాషలో పదాది "ద్వ" నియమబద్ధంగా "ఎర్క" అయినది.

సస్యూర్ ఊహ

ఫెర్డినాండ్ ద సస్యూర్ 1876లో, పంతొమ్మిదేళ్ళైనా నిండకముందే, లైప్‌జిగ్‌లో విద్యార్థిగా చేరాడు. 1878 చివర, 21 ఏళ్ళ వయసులో, మూలభాషలోని అచ్చుల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. సంస్కృత వ్యాకరణం కొంత చదివిన తెలుగువారికి అందులోని ముఖ్యాంశం సులభంగానే బోధపడుతుంది.

పాణినీయ సంప్రదాయంలో "యుజ్" ధాతువు ఏడవ గణానికి (రుధాది), "సు" ఐదవ గణానికి (స్వాది), "పూ" తొమ్మిదవ గణానికి (క్ర్యాది) చెందుతాయి. వాటి వర్తమాన రూపాలు వరుసగా యునక్తి, సునోతి, పునాతి. యునక్తిలో ధాతువు మధ్య "న" చేరినదని స్పష్టమే: యు-న-క్-తి. సునోతి కూడా సు-న-ఉ-తి అని విడదీస్తే అదే మాదిరి. మరి పునాతి? సస్యూర్ అన్నదేమంటే, ఇదీ అదే మాదిరి, కాకపోతే ధాతువు చివర ఒక ధ్వని ఉండి లోపించింది. ఆ ధ్వనిని "అ" అనే అచ్చు కలుపుకొని "ఆ" అయింది. "ఉ" కలుపుకొని "ఊ" అయింది. కనుకనే "పునాతి", "పూత". మూడు గణాలు ఈ విధంగా ఒక్కటైనాయి.

ఆ లోపించిన ధ్వని అప్పటికి తెలిసిన ఏ భాషలోను లేదు. లెక్క సరిపోవాలంటే ఉండి తీరాలన్నదొక్కటే ఆధారం. లైప్‌జిగ్ పెద్దలలో చాలామంది దీనిని అంగీకరించలేదు. సస్యూర్ తరువాత పారిస్‌లోను, 1891 నుండి జెనీవాలోను పాఠాలు చెప్పి 1913లో మరణించాడు.

1906లో టర్కీలోని బొగాజ్‌కోయ్ వద్ద తవ్వకాలలో వేలకొలది మట్టిపలకలు బయటపడ్డాయి. వాటిలోని హిట్టైట్ భాష ఇండో-యూరోపియన్ కుటుంబానిదేనని చెక్ పండితుడు హ్రోజ్నీ 1915లో నిరూపించాడు. నీటికి ఆ భాషలో "వాతర్" అని ఉండడం ఆయనకు దొరికిన ఆధారాలలో ఒకటి. 1927లో పోలెండుకు చెందిన కురిలోవిచ్, సస్యూర్ ఊహించిన ధ్వని ఉండవలసిన చోట్ల హిట్టైట్‌లో "హ" వంటి హల్లు వ్రాసి ఉన్నదని చూపించాడు. ఎముకకు సంస్కృతంలో "అస్థి", గ్రీకులో "ఒస్తెయోన్", హిట్టైట్‌లో "హస్తాయ్". అచ్చులతో మొదలవుతున్నవని అనుకొన్న పదాలకు ముందు ఒకప్పుడు హల్లు ఉండేదన్నమాట. కాగితం మీద కట్టిన లెక్క సరైనదని సుమారు 49 సంవత్సరాల తరువాత తేలింది. దీనిని చూడడానికి సస్యూర్ లేడు.

విద్యార్థి ఏమి చదవాలి

సంస్కృతం, గ్రీకు, లాటిన్ పునాది. వాటిపై అవెస్తన్, గోథిక్, ప్రాచీన ఐరిష్, ప్రాచీన స్లావిక్, లిథువేనియన్, ఆర్మీనియన్, హిట్టైట్, తోఖారియన్ భాషలలో కొన్నింటిని చదవాలి. అన్నిటా పాండిత్యం ఎవరికీ సాధ్యం కాదు. మూలగ్రంథాలను నిఘంటువు సాయంతో చదవగలిగితే చాలు. ఇంగ్లీషుతో పాటు జర్మన్, ఫ్రెంచి భాషలను చదివి అర్థం చేసుకోగల శక్తి కావాలి. పోకోర్నీ వ్యుత్పత్తి నిఘంటువు (1959), రిక్స్ సంపాదకత్వంలో 1998లో వెలువడిన క్రియాధాతువుల నిఘంటువు రెండూ జర్మన్ భాషలోనే ఉన్నాయి.

నెదర్లాండ్స్‌లోని లైడెన్, డెన్మార్కులోని కోపెన్‌హాగన్, జర్మనీలోని యేనా, వుర్ట్స్‌బుర్గ్, ఆస్ట్రియాలోని వియన్నా, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు, అమెరికాలోని హార్వర్డు, లాస్ ఏంజెలెస్ (కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) ఈ విద్యకు పేరుపొందినవి. వేదసంస్కృతం ముందుగా వచ్చిన భారతీయ విద్యార్థికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉన్నది. అయితే శబ్దమంజరి కంఠస్థం చేసినవారు కూడా "ఈ రూపం ఎందుకిట్లా ఉన్నది" అనే ప్రశ్నకు కొత్తగా అలవాటు పడవలసి ఉంటుంది.

తెలుగుతో సంబంధం

తెలుగు ఇండో-యూరోపియన్ భాష కాదు. తెలుగు సంస్కృతం నుండి పుట్టినదనే మాట నేటికీ అక్కడక్కడ వినబడుతున్నది. సంస్కృత పదాలు తెలుగులో విస్తారంగా ఉన్నమాట నిజమే గాని, అవి అరువు పదాలు. బాప్ గ్రంథం వెలువడిన 1816లోనే మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో, తెలుగు ధాతువులు తమిళ కన్నడాలతో కలుస్తాయే గాని సంస్కృతంతో కాదని నిరూపించాడు. కన్నడ "కివి, కెరె, కెడు" పదాలకు తెలుగులో "చెవి, చెరువు, చెడు" ఉండడం గ్రిమ్ చెప్పినటువంటి నియమమే. ఇ, ఎ అచ్చుల ముందు మూల ద్రావిడ కకారం తెలుగులో చకారమైనది.

ద్రావిడ భాషాశాస్త్రాన్ని నిలబెట్టినవారిలో కొందరు ఇండో-యూరోపియన్ విద్యలో తర్ఫీదు పొందినవారే. 1961లో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువును వెలువరించిన ఇద్దరిలో బరో ఆక్స్‌ఫర్డులో సంస్కృతాచార్యుడు. ఎమెనో యేల్ విశ్వవిద్యాలయంలో సంస్కృతం చదివి డాక్టరేటు పొందినవాడు. భద్రిరాజు కృష్ణమూర్తి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొంది, తెలుగు క్రియాధాతువులపై తన గ్రంథాన్ని 1961లో ప్రచురించాడు. 1962 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యుడుగా ఆ శాఖను తీర్చిదిద్దాడు.

నేటి స్థితి

జర్మనీలో ఈ విద్యను "చిన్న శాస్త్రాల" జాబితాలో చేర్చారు. ఆచార్యుడు పదవీ విరమణ చేస్తే ఆ స్థానం భర్తీ కాక శాఖ మూతపడే ప్రమాదం చిన్న శాస్త్రాలన్నిటికీ ఉన్నది. ఉద్యోగావకాశాలు తక్కువని చేరబోయే విద్యార్థికి ముందుగానే చెప్పడం ధర్మం. మరొకవైపు 2015 నుండి ప్రాచీన మానవ అస్థికల జన్యు పరిశోధనలు నల్లసముద్రానికి ఉత్తరానగల గడ్డిమైదానాల నుండి జరిగిన వలసలను చూపడంతో ఈ శాస్త్రంపై ఆసక్తి మళ్ళీ పెరిగింది. కాని ఎముకలోని జన్యువు ఆ మనిషి ఏ భాష మాట్లాడాడో చెప్పదు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ ధాతువులు, విభక్తులు, ధ్వని నియమాల ద్వారానే సమాధానం వెతకవలసి ఉన్నది.